చక్రాల ఇల్లు ఆగడానికి చోటేదీ?

మా అమ్మకు ప్రయాణం ఉందంటే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు తాగడం తగ్గిస్తుంది. తిరుపతి వెళ్ళినా, శ్రీశైలం వెళ్ళినా ఇదే వరస. షుగరు మాత్రలు వేసుకునే మనిషి, మోకాళ్ళు వంగని మనిషి. దారిలో ఎక్కడ దిగాలి, అక్కడ దొడ్డి ఎలా ఉంటుంది, కుర్చీలా కూర్చునేది దొరుకుతుందా లేదా అన్న దిగులుతోనే దారంతా గడిచిపోతుంది. దర్శిలో మా వీధిలో ఆమె ఈడు ఆడవాళ్ళు ఎవరిని కదిలించినా ఇదే మాట. కొందరైతే ఊరు దాటడమే మానుకున్నారు. పెద్దావిడకు ఓపిక తగ్గిందని ఇంట్లోవాళ్ళు సర్దిచెప్పుకుంటారు గానీ, దారిలో తలుపూ గొళ్ళెం సరిగ్గా ఉన్న మరుగుదొడ్డి దొరికితే వాళ్ళలో సగం మంది రేపే బయల్దేరతారు.

కారవాన్ టూరిజం గురించి రాష్ట్రంలో ఇప్పుడు చాలా మాటలు వినిపిస్తున్నాయి కాబట్టి ఈ సంగతితో మొదలుపెట్టాను. కేరళ 2021లోనే ఇందుకోసం ఒక విధానం తెచ్చింది, ఆ మరుసటి ఏడు వాగమణ్‌లో కారవాన్ పార్కు తెరిచింది. కేంద్ర పర్యాటక శాఖ ఇలాంటి పార్కుల గురించి విధానం రాసి పదిహేనేళ్ళు దాటింది. మన దగ్గరా 2024-29 పర్యాటక విధానం వచ్చాక కారవాన్ అనే మాట తరచూ పేపర్లలో కనబడుతోంది. బొమ్మ మాత్రం ఎప్పుడూ ఒకటే: పెద్ద బస్సు, లోపల సోఫాలు, టీవీ, రంగు దీపాలు. రోజుకు ఇంతని అద్దె కట్టి ఎక్కాలి, డ్రైవరు నడుపుతాడు. దీని మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఉన్నన్నాళ్ళూ ఒక చిన్న ఫైబర్‌గ్లాస్ ట్రైలర్ మా ఇంట్లో ఉండేది. దాన్ని కారు వెనక తగిలించుకుని పిల్లలతో, అమ్మతో తిరిగాం. ఆ అనుభవంతోనే చెబుతున్నాను: మన మధ్యతరగతికి ఈ బస్సులు పనికిరావు. పనికొచ్చేవి రెండు. సొంత కారు లాగగలిగే తేలికైన ట్రైలర్ ఒకటి, దాన్ని రాత్రికి నిలుపుకోవడానికి కొళాయీ కరెంటూ ఉన్న చదును నేల ఒకటి. ఈ రెండిట్లో ముందు కావలసింది నేల.

మా ట్రైలర్ కాసిటా కంపెనీది, పదిహేడు అడుగులది, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. డాలస్‌కు దక్షిణాన రైస్ అనే చిన్న ఊళ్ళో వీటిని తయారుచేస్తారు. ఈ రకం బళ్ళు మొదలైంది మాత్రం కెనడాలో. విన్నిపెగ్ నగరంలో రే ఒలెకో అనే ఆయన అంతకుముందు ఫైబర్‌గ్లాస్‌తో సెప్టిక్ ట్యాంకు చేశాడు. ట్యాంకు చేయగలిగినవాళ్ళం మనుషులు పడుకునే గది ఎందుకు చేయలేమని ఆలోచించి, 1968లో బోలర్ పేరుతో పదమూడు అడుగుల ట్రైలర్ దించాడు. బరువు అయిదొందల కేజీల లోపే. ఆ రోజుల్లోని చిన్న కార్లు కూడా దాన్ని లాక్కుపోయేవి. తర్వాత కొన్నాళ్ళకే అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం బాకస్ అనే పల్లెలో స్కాంప్, 1980లలో కాసిటా వచ్చాయి. అప్పటి బోలర్లు ఇప్పటికీ రోడ్ల మీద కనబడతాయి, అమ్మితే మంచి ధర పలుకుతాయి.

అన్నేళ్ళు ఎలా నిలుస్తాయంటే, కట్టుబడిలో ఉంది కిటుకు. మామూలు ట్రైలర్‌కు చెక్క చట్రం వేసి, పైన అల్యూమినియం రేకులు అతికి, మూలమూలనా సీలెంటు పూస్తారు. ఆ అతుకుల్లో ఎక్కడో ఒకచోట నీరు దిగుతుంది, లోపల చెక్క పైకి కనబడకుండా పుచ్చిపోతుంది. ఫైబర్‌గ్లాస్ ట్రైలర్‌ది వేరే పద్ధతి. నున్నటి అచ్చుకు మైనం రుద్ది, దాని మీద రంగు జెల్‌కోటు కొట్టి, ఆపైన గాజుపీచు మ్యాట్ పరుస్తూ రెజిన్ పట్టించి, గాలిబుడగలు పోయేదాకా రోలరు నడుపుతారు. కింది సగం ఒకటి, పై సగం ఒకటి తయారయ్యాక రెండిటినీ కొబ్బరి చిప్పల్లా మూతికి మూతి కలిపి, నడుము చుట్టూ అతికేస్తారు. కప్పు మీద అతుకనేదే ఉండదు. వాన దిగడానికి మిగిలేవల్లా మనం కోసిన కంతలే: కిటికీలు, గాలి మూత, రివెట్లు.

రివెట్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ బండి ఉన్నవాళ్ళ జీవితంలో సగం అవే. లోపలి అలమరలు గోడకు వేలాడేది రివెట్ల మీద. రివెట్టు బయటి నుంచి లోపలికి గుచ్చుకుని ఉంటుంది, తల మీద చిన్న ప్లాస్టిక్ టోపీ. ఎండకు ఆ టోపీ పెళుసెక్కి రాలిపోతుంది. అప్పుడు వాన పడితే నీటి చుక్క రివెట్టు కాడ వెంబడి లోపలికి జారి, అలమర అడుగున చేరుతుంది. అందుకని ప్రతి వానాకాలం ముందూ ట్రైలర్ చుట్టూ తిరిగి ఒక్కో టోపీనీ బొటనవేలితో నొక్కి చూసేవాణ్ణి. కదిలినదాన్ని డ్రిల్లుతో తీసేసి, కొత్త రివెట్టుకు సీలెంటు చుట్టి గన్నుతో బిగిస్తే పది నిమిషాల పని. కిటికీ చట్రాల కింద బ్యూటైల్ టేపు వేయాలి. సిలికాన్ జోలికి పోకూడదు. ఒకసారి సిలికాన్ పూసిన చోట మళ్ళీ ఏదీ అంటదు, గీకి తీయడానికి ప్రాణం పోతుంది. పాత బండి కొనేవాళ్ళు రంగు చూసి మోసపోవద్దు. తలుపు వేసి లోపల కాసేపు కూర్చుంటే ముక్క వాసన వస్తుందా లేదా అన్నది ముక్కే చెబుతుంది. ఆ తర్వాత మంచం కింద, సింకు కింద నేల మీద మోకాలు ఆనించి నొక్కండి. మెత్తగా దిగిందంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు. జెల్‌కోటు సున్నం కొట్టినట్టు తెల్లబారితే భయపడక్కర్లేదు, పాలిష్ పట్టి మైనం రుద్దితే మెరుపు తిరిగొస్తుంది.

చక్రాల బేరింగుల్ని మాత్రం ఏడాదికోసారి విప్పాల్సిందే. జాకీ మీద ఎత్తి, మూత తట్టి తీసి, పాత గ్రీజు అంతా గుడ్డతో తుడిచి, బేరింగును అరచేతిలో పెట్టుకుని కొత్త గ్రీజును అంచు వెంబడి అటువైపు నుంచి పైకి వచ్చేదాకా ఒత్తాలి. దారిలో ఎక్కడ ఆగినా ముందు హబ్బు మీద చేయి వేసి చూడటం నాకు అలవాటయింది. ఒక వైపు వెచ్చగా, ఇంకోవైపు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే ఇక కదలకూడదు. టైర్ల సంగతి ఇంకా మోసం. ట్రైలర్ ఎక్కువ రోజులు కదలకుండా ఉంటుంది కాబట్టి గాళ్ళు అరగవు, రబ్బరు మాత్రం ముసలిదవుతుంది. అయిదారేళ్ళయితే కొత్తవాటిలా కనబడినా తీసేయాలి.

బరువు సర్దడం ఇంకో విద్య. మొత్తం బరువులో పదో వంతుకు తగ్గకుండా, పదిహేను శాతం మించకుండా ముందున్న కొక్కెం మీద పడాలి. వెనక బరువెక్కితే లారీ దాటిపోయిన గాలికే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది, కారును కూడా ఊపేస్తుంది. బియ్యం బస్తా, ఆవకాయ జాడీ, మిక్సీ అన్నీ ఇరుసుకు ముందువైపే సర్దాలని మా ఆవిడ అందరికీ వప్పజెప్పేది. నిండా సర్దుకున్నాక కూడా మా బండి 1600 కేజీల లోపే ఉండేది. దాని చక్రాలకు సొంతంగా కరెంటు బ్రేకులు. కొక్కెం కింద అడ్డంగా వేసే రెండు గొలుసులు. ఒకవేళ గొలుసులు కూడా తెగితే ఒక తీగ ఊడొచ్చి ట్రైలర్ బ్రేకుల్ని దానంతటదే బిగించేస్తుంది. కదులుతున్నప్పుడు అందులో మనిషన్నవాడు కూర్చోకూడదు. అందరూ కార్లోనే.

అమ్మ టెక్సాస్ వచ్చిన ఏడు, చలికాలం ముందు పాలో డ్యూరో లోయకు తీసుకెళ్ళాం. డాలస్ నుంచి అమరిల్లో మీదుగా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ప్రయాణం. అక్కడక్కడా పత్తి చేలు, మెషీన్లు తీసిన పత్తిని గుండ్రటి మోపులుగా చుట్టి పడేసిన పొలాలు. "మన చేలే కదరా అబ్బాయ్, మనుషులు లేరు గానీ" అంది. బయల్దేరిన గంటకే అలవాటు ప్రకారం నీళ్ళ సీసా పక్కన పెట్టేస్తే మా ఆవిడ, "అత్తయ్యా, వెనక మన బాత్రూమే వస్తోంది, తాగండి" అని సీసా మళ్ళీ చేతికిచ్చింది. ఆ గది ఎంతనుకున్నారు, ఒక మనిషి నిలబడి తిరగగలిగినంత. ఆ కాస్త చోటే కమోడు, షవరు రెండూ. రెస్ట్ ఏరియాలో ఆపినప్పుడు అమ్మ తనే తాళం తీసుకుని వెళ్ళి, తనే తాళం వేసుకుని వచ్చింది. మర్నాడు పొద్దున లోయ అడుగున ఎర్రమట్టి గోడల మధ్య స్టవ్ వెలిగించి ఉప్మా చేసి, చెంబుడు నీళ్ళు గటగటా తాగేసింది. అప్పటిదాకా ఏ ప్రయాణంలోనూ ఆమె అలా తాగగా నేను చూడలేదు.

ఆ రాత్రి మేము నిలిచిన చోటు ఎలా ఉందో చెబితే, ఖర్చెంతో మీరే అంచనా వేసుకోవచ్చు. బండి వెనక్కి పెట్టుకోవడానికి చదును చేసిన జాగా, నీళ్ళ కొళాయి, ఒక స్తంభానికి కరెంటు పెట్టె, చెక్క బల్ల, దూరంగా అందరికీ కలిపి స్నానాల గదులు. అంతే. అమెరికాలో మా ట్రైలర్‌కు 120 వోల్టుల్లో 30 ఆంపియర్ల ప్లగ్గు కావాలి, అంటే 3600 వాట్లు. మన ఇళ్ళలో ఏసీకీ గీజరుకూ వాడే 230 వోల్టుల 16 ఆంపియర్ల ప్లగ్గు ఒక్కటి దానికి సమానం.

ఆ పార్కులో ఇంకొకటి ఉంది, అది లేకపోతే మిగతా ఏదీ నిలవదు. బయటికొచ్చే దారిలో డంప్ స్టేషన్. ట్రైలర్ కింద రెండు ట్యాంకులుంటాయి. సింకు, స్నానం నీళ్ళు ఒకదాంట్లో, మరుగుదొడ్డిది రెండోదాంట్లో. వెళ్ళేముందు లావు గొట్టం తగిలించి, ముందు మరుగుదొడ్డి ట్యాంకు వదిలి, తర్వాత సింకు నీళ్ళు వదిలితే గొట్టం కూడా కడిగినట్టవుతుంది. అదంతా నేలలో సిమెంటు తూములోంచి సెప్టిక్ ట్యాంకుకు పోతుంది. చేతులకు తొడుగులు వేసుకుని, పక్క కొళాయి విప్పి తూము చుట్టూ కడిగి, వెనక ఉన్నవాళ్ళకు జాగా ఇచ్చి కదలాలి. దీని గురించి రాయడానికి మనవాళ్ళు మొహమాటపడతారు, కారవాన్ ప్రకటనల్లో ఈ మాటే ఉండదు. నేను అడిగేది సూటిగా: మన రాష్ట్రంలో ఇవాళ ఒక కుటుంబం ఇలాంటి బండి వేసుకుని బయల్దేరితే మూడో రోజు ఆ ట్యాంకు ఎక్కడ వదలాలి? సాగర్ కాలువలోకా? దర్శి తాగునీటి చెరువు నిండేది ఆ కాలువ నీళ్ళతోనే. డంప్ స్టేషన్లు ఎక్కడెక్కడ కడతారో చెప్పకుండా ఎన్ని బస్సులకు జెండా ఊపినా ఆ మురుగు చివరికి చేరేది వాగుల్లోకే. విధానం రాసేవాళ్ళు మొదటి పేజీలో రాయాల్సింది దీని గురించి.

చోట్లకు కరువు లేదు. చందవరం చూడండి. గుండ్లకమ్మ ఒడ్డున గుట్ట మీద బౌద్ధ స్తూపం 1964లో బయటపడింది. అక్కడి నుంచి దొంగలు ఎత్తుకుపోయిన సున్నపురాతి శిల్పం ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాకా పోయి 2016లో తిరిగి దేశానికి వచ్చింది. ప్రపంచం దృష్టిలో పడిన చోటే, అయినా దర్శి నుంచి పిల్లల్ని తీసుకెళ్ళి సాయంత్రం దాకా ఉందామంటే ఆడపిల్లలకు వసతి ఏదని ముందే ఆలోచించాలి. త్రిపురాంతకమూ అంతే. శివరాత్రికి ప్రభలు కదిలే కోటప్పకొండలో జనం లక్షల్లో ఉంటారు, మరుగుదొడ్ల దగ్గర ఆడవాళ్ళ వరసలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. దోర్నాల దగ్గర అడవి గేటు రాత్రి తొమ్మిది దాటితే వేసేస్తారు, పులుల అడవి కాబట్టి వేయాల్సిందే. శ్రీశైలం బయల్దేరి ఆలస్యమైన బళ్ళన్నీ తెల్లవారేదాకా గేటు ముందు రోడ్డు పక్కనే ఉంటాయి, సీట్లలో ముసలివాళ్ళు కాళ్ళు ముడుచుకుని. అక్కడ రెండెకరాలు చదును చేసి, కొళాయిలూ మరుగుదొడ్లూ కట్టి రాత్రికింతని తీసుకుంటే ట్రైలర్ ఉన్నవాళ్ళే కాదు, కారువాళ్ళూ టెంపోలవాళ్ళూ ఇష్టంగా ఇస్తారు.

కొత్త స్థలాలు సేకరించే పని కూడా లేదు. మార్కెట్ యార్డులున్నాయి. గోడ ఉంది, గేటు ఉంది, వాచ్‌మన్ ఉన్నాడు, సిమెంటు ప్లాట్‌ఫారాలున్నాయి, బోరూ కరెంటూ ఉన్నాయి. పంట కొనుగోళ్ళ రోజులు పోగా చాలా యార్డులు ఏడాదిలో ఎక్కువ భాగం ఖాళీగానే ఉంటాయి. ఒక మూల అరెకరం కేటాయిస్తే చాలు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. మా ప్రాంతంలో నిజంగా చక్రాల మీద బతికేవాళ్ళు ఉన్నారు. మిరపకోతల సీజనులో ఆదోని, ఆలూరు, కోసిగి వైపు నుంచి కూలీ కుటుంబాలు ట్రాక్టరు ట్రక్కుల్లో వస్తాయి. బియ్యం మూటలు, సట్లు, దుప్పట్లు, పైన చంటిపిల్లలు. చేల గట్ల మీదో రోడ్డు పక్కనో పట్టాలు కట్టుకుని కోతలు అయిందాకా ఉంటారు. చీకటి పడేదాకా కడుపు బిగబట్టుకునే ఆడవాళ్ళు వాళ్ళలో ఎందరో. గుంటూరు యార్డుకు వెళ్ళే ఎర్రబంగారం వాళ్ళ చేతుల మీదుగానే వెళ్తుంది. నేనడిగే కొళాయీ దీపమూ మరుగుదొడ్డీ ఉన్న చదును నేల ప్రతి మండలంలోనూ ఒకటి ఉంటే, కోతల నెలల్లో అది ముందు వాళ్ళది కావాలి. పర్యాటకుల వంతు ఆ తర్వాతే. ఒకే ఖర్చుతో రెండు పనులూ జరుగుతాయి. పర్యాటక శాఖ, మార్కెటింగ్ శాఖ, పంచాయతీ ఒక బల్ల దగ్గర కూర్చుంటే అయ్యే పని ఇది.

మన ఎండలకు ఇవి పనికిరావని అంటారు. డాలస్‌లోనూ నలభై డిగ్రీలు దాటుతుంది. అక్కడివాళ్ళు వేసవిలో బండిని నీడన పెట్టి, చలికాలానికి అటూ ఇటూ తిరుగుతారు. మనకు కార్తీకం నుంచి శివరాత్రి దాకా ఉంది కాలం, మన యాత్రలూ వనభోజనాలూ అప్పుడే. లాడ్జిలో దిగితే పోలేదా అంటారు. లాడ్జి మజిలీ చేరాక దొరుకుతుంది, దారిలో ఆరు గంటల మాటేమిటి? ఇక ఘాట్ రోడ్ల గురించి వచ్చే అభ్యంతరం న్యాయమైనదే. మలుపుల మీద ట్రైలర్ లాగడం కొత్తవాళ్ళ పని కాదు. అందుకే దోర్నాలలోనే బండి నిలిపి కొండ మీదికి కారులో వెళ్ళే ఏర్పాటుండాలి.

బండి ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు అమెరికా వైపు చూడక్కర్లేదు. చీరాల వాడరేవు వెళ్ళండి. తీరం పొడవునా చెక్క పడవల స్థానంలో ఫైబర్ పడవలే వచ్చేశాయి, వాటిని బాగుచేసేవాళ్ళు మ్యాటూ రెజిన్లతోనే బతుకుతున్నారు. వేసవి ఎండకు రెజిన్ చేతిలోనే గట్టిపడిపోకుండా హార్డ్‌నర్ ఎంత తగ్గించాలో వాళ్ళకు కొలత అక్కర్లేదు. చట్రం సంగతికొస్తే దర్శి, పొదిలి, అద్దంకి రోడ్ల పక్కన ట్రాక్టరు ట్రక్కులు చేసే వెల్డింగు షెడ్లు ఎన్నో. అయితే ట్రక్కుల్ని చేసినట్టు దీన్ని చేయనివ్వకూడదు. మా రోడ్ల మీద తిరిగే ట్రక్కుల్లో చాలావాటికి సొంత బ్రేకులూ ఉండవు, వెనక దీపాలూ ఉండవు. రాత్రిపూట వాటిని గుద్దుకుని పోయిన మోటారు సైకిలు కుర్రాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. బ్రేకు, గొలుసులు, దీపాలు లేని చట్రాన్ని ఏ అధికారీ పాస్ చేయకూడదు.

చట్టంలో కూడా దారి ఉంది. ఏవి ట్రాన్స్‌పోర్టు బళ్ళు, ఏవి కావు అని విడదీస్తూ కేంద్రం 2004లో ఇచ్చిన నోటిఫికేషన్‌లో సొంత వాడకానికి ఉంచుకునే క్యాంపర్ ట్రైలర్ నాన్-ట్రాన్స్‌పోర్టు కిందికే వస్తుంది. ఆ కాగితం పట్టుకుని రవాణా ఆఫీసులకు వెళ్తే ఒక ఆఫీసులో ట్రాక్టరు ట్రక్కు కింద రాస్తామన్నారు, ఇంకో ఆఫీసులో ఇలాంటిది ఎప్పుడూ రాయలేదన్నారు. రవాణా శాఖ ఒక సర్క్యులరు ఇస్తే ఈ గందరగోళం తీరిపోతుంది. పరీక్ష ఎక్కడ చేయించాలి, పన్ను ఎంత, ఏ కారు ఎంత బరువు లాగొచ్చు అన్న మూడు విషయాలకు రాతపూర్వకంగా జవాబు కావాలని అర్జీ పెట్టాను. వాడరేవులో పడవలు చేసే మేస్త్రీ ఒకాయన అచ్చు తీయడానికి ఒప్పుకున్నాడు, "ఎత్తు ఎంత కావాలో మీ అమ్మగారినే నిలబెట్టి కొలుద్దాం సార్" అన్నాడు. దర్శిలో చట్రం చేసేవాడికి కొలతలు ఇచ్చాను, బ్రేకుల ఇరుసు సంగతి కనుక్కుంటున్నాడు. అర్జీకి జవాబు రాగానే ఇద్దరికీ అడ్వాన్సు ఇస్తాను.